మూడు గిటార్లతో ఏం చేయాలి? రేడియోహెడ్ తొలి పదేళ్లు

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ రేడియోహెడ్ అనే ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ గురించి. ఒక మాట ముందే చెప్పేస్తాను. 1997లో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్ గురించీ, ఆ తర్వాత చేసిన ఎలక్ట్రానిక్ ప్రయోగాల గురించీ ఇవాళ మాట్లాడను. అవి అందరూ మాట్లాడేవే. నాకు కావలసింది 1985 నుంచి 1995 దాకా, ఆ పదేళ్లు. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఒక స్కూల్లో ఐదుగురు కుర్రాళ్లు కలిశారు. అదే ఐదుగురు. పదేళ్ల తర్వాత కూడా అదే ఐదుగురు. మధ్యలో ఒక్కరు కూడా మారలేదు. రాక్ బ్యాండ్లలో ఇది ఎంత అరుదో మీకు తెలుసు కదా?

ఆ ఐదుగురిలో ముగ్గురి చేతుల్లో గిటార్లు. థామ్ యార్క్, ఎడ్ ఓబ్రయన్, జానీ గ్రీన్‌వుడ్. జానీ వాళ్ల అన్న కోలిన్ గ్రీన్‌వుడ్ బాస్, ఫిలిప్ సెల్వే డ్రమ్స్. థామ్ గిటార్ వాయిస్తూనే పాడతాడు. మూడు గిటార్లు ఉంటే మంచిదేగా, నిండుగా ఉంటుందిగా అంటారేమో. ఉండదండీ. గిటార్, మనిషి గొంతు, రెండూ దాదాపు ఒకే శబ్దమేరలో పలుకుతాయి. దానికి తోడు డిస్టార్షన్ పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని గరుకు చేసే పెడల్, తొక్కితే ఏమవుతుంది? ఆ పెడల్ ధ్వని తరంగపు పైనా కిందా కొసలు కత్తిరిస్తుంది. కత్తిరించిన చోటల్లా కొత్త అనుస్వరాలు పుడతాయి. ఒక్క గిటారే మూడింతల చోటు ఆక్రమిస్తుంది. అలాంటివి మూడు ఒకేసారి మోగితే ఏ స్వరం ఎవరిదో తెలియదు, గాయకుడి మాట వినపడదు, డ్రమ్స్‌లో తాళాల మెరుపు కూడా ఆ హోరులో కలిసిపోతుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడే ఇంట్లో ఎవరి మాటా చెవికెక్కనట్టు.

కాబట్టి ఇవాళ నా ప్రశ్న ఒకటే. మూడు గిటార్లతో ఏం చేయాలో వీళ్లు ఎప్పుడు నేర్చుకున్నారు, ఎలా నేర్చుకున్నారు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళితే మొదటి ఆల్బమ్ ఎందుకు అంత మామూలుగా ఉందో, రెండోది ఎందుకు అంత బాగుందో రెండూ తేలతాయి.

స్కూలు సంగతి. అబింగ్‌డన్ స్కూల్, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, మగపిల్లల ప్రైవేటు బడి. 1985లో బ్యాండ్ మొదలైంది. సంగీతం గదిలో శుక్రవారం శుక్రవారం సాధన చేసేవాళ్లు, అందుకని పేరు కూడా అదే, ఆన్ ఎ ఫ్రైడే. పేరు పెట్టడంలో అంతకంటే ఆలోచన ఏమీ లేదు. వయసులు చూడండి. సెల్వే 1967లో పుట్టాడు, ఓబ్రయన్ 1968 ఏప్రిల్, యార్క్ 1968 అక్టోబర్, కోలిన్ 1969, జానీ 1971 నవంబర్. అంటే బ్యాండ్ మొదలైన ఏడు పెద్దవాడికి 18, చిన్నవాడికి ఇంకా 14 నిండలేదు. బడిలో నాలుగేళ్ల తేడా అంటే చిన్న తేడానా? పై తరగతి వాళ్లు కింది తరగతి వాణ్ని పక్కన నిలబెట్టుకోవడమే గొప్ప.

అందుకే జానీని వెంటనే చేర్చుకోలేదు. అన్న వెంట వచ్చి పక్కన కూర్చునేవాడు. మొదట మౌతార్గాన్, తర్వాత కీబోర్డు, ఆఖరికి లీడ్ గిటార్. కీబోర్డు రోజుల గురించి ఆయనే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. తీసేస్తారేమో అన్న భయంతో కొన్ని నెలలపాటు కీబోర్డు శబ్దం ఆపేసి, ఊరికే మీటలు నొక్కుతూ నిలబడ్డాడట. నువ్వేం వాయిస్తున్నావో సరిగ్గా వినపడట్లేదు గానీ ఏదో బాగుంది అని థామ్ అన్నాడట. నవ్వుకోవడానికి బాగుంది. కానీ ఒక విషయం గమనించండి. అంత హోరులో ఒక వాయిద్యం ఉందో లేదో పక్కవాడికే తెలియట్లేదు! నేను చెప్పే సమస్య అప్పుడే ఉంది. పైగా ఆ రోజుల్లో కొంతకాలం శాక్సఫోన్లు కూడా ఉండేవి.

ఇంకొకటి. ఈ ఐదుగురిలో పద్ధతిగా సంగీతం నేర్చుకున్నవాడు జానీ. వయోలా వాయించేవాడు, యువ వాద్యబృందంలో కూర్చున్నవాడు. వాద్యబృందంలో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? వాయించకుండా ఉండటం తెలుస్తుంది. నలభై బార్లు, అంటే నలభై తాళావర్తాలు, ఊరికే లెక్కపెట్టుకుంటూ కూర్చుని, నలభై ఒకటో బారులో ఒక్క స్వరం పలికించి మళ్లీ ఊరుకోవడం. ఇది తర్వాత అక్కరకొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

స్కూలు అయిపోయాక మామూలుగా బ్యాండ్లు విడిపోతాయి. వీళ్లకి ఐలండ్ రికార్డ్స్ నుంచి అప్పట్లోనే ఒప్పందం మాట వచ్చింది. వద్దన్నారు! ముందు చదువుకుంటాం అన్నారు. థామ్ ఎక్సెటర్ యూనివర్సిటీకి వెళ్లాడు, ఇంగ్లీషు, చిత్రకళ. కోలిన్ కేంబ్రిడ్జ్‌లో పీటర్‌హౌస్. ఎడ్ మాంచెస్టర్. ఫిల్ లివర్‌పూల్. చిన్నవాడు జానీ ఇంకా బడిలోనే ఉన్నాడు. సెలవుల్లోనూ వారాంతాల్లోనూ ఊరికి వచ్చి సాధన చేసేవాళ్లు. ఏడాదికి పెద్దగా కచేరీలు లేవు. అయినా బ్యాండ్ రద్దు కాలేదు.

ఈ నాలుగేళ్లూ వృథా అని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. ఎక్సెటర్‌లో థామ్ హెడ్‌లెస్ చికెన్స్ అనే బ్యాండ్‌లో గిటార్ వాయించాడు, క్లబ్బుల్లో రికార్డులు వేశాడు. స్టాన్లీ డాన్‌వుడ్ అనే చిత్రకారుడు పరిచయమైంది కూడా అక్కడే. రెండో ఆల్బమ్ కాలం నుంచి ఇవాళ్టి దాకా రేడియోహెడ్ అట్టబొమ్మలన్నీ ఆయనా థామూ కలిసి చేసినవే. ఈ ముడులన్నీ ఆ ఖాళీ సంవత్సరాల్లో పడ్డవి. ఐలండ్ వాళ్లు పిలిచినప్పుడే సంతకం పెట్టి ఉంటే పంతొమ్మిదేళ్లకి ఒక రికార్డు, ఇరవై రెండేళ్లకి మాజీ బ్యాండ్. ఆ కాలంలో ఇంగ్లాండ్‌లో అలాంటి కథలు కొల్లలు.

1991 వేసవికి చదువులు అయ్యాయి. జానీ అప్పుడే ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌లో చేరబోతున్నాడు. మిగతావాళ్లు ఊరికి తిరిగొచ్చారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల రైడ్, స్వర్వ్‌డ్రైవర్ లాంటి బ్యాండ్లకి పేరొచ్చింది. గిటార్లను ఎఫెక్ట్ పెడళ్లతో తెరలు తెరలుగా పరిచే పద్ధతి, దాన్ని షూగేజ్ అంటారు. లండన్ కంపెనీలవాళ్లు ఆక్స్‌ఫర్డ్ రైలెక్కడం అలవాటు చేసుకున్న రోజులవి. ఇది అదృష్టం. అదృష్టాన్ని అదృష్టం అనే చెప్పాలి.

ఇక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎలా ఎక్కారో చూడండి, చాలా మామూలు మెట్లు. జెరికో టావర్న్ అని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పబ్బు, పైన చిన్న కచేరీ గది. అక్కడ వాయిస్తుంటే క్రిస్ హఫర్డ్ చూశాడు. స్లోడైవ్ బ్యాండ్‌కి తొలి ఆల్బమ్ నిర్మించినవాడు, అంటే స్టూడియోలో రికార్డింగు నడిపించినవాడు. ఆయనా, బ్రైస్ ఎడ్జ్ కలిసి సటన్ కోర్టెనే అనే ఊళ్లో కోర్ట్‌యార్డ్ అనే స్టూడియో నడిపేవాళ్లు. డెమో, అంటే కంపెనీలకి వినిపించే నమూనా రికార్డింగు, అక్కడ చేశారు, ఆ ఇద్దరే మేనేజర్లయ్యారు. ఇప్పటికీ వాళ్లే. అప్పటి క్యాసెట్‌ని ఊళ్లో మానిక్ హెడ్జ్‌హాగ్ అనే రికార్డుల కొట్లో పెట్టి అమ్మారు, అందుకే ఆ క్యాసెట్‌కి ఆ కొట్టు పేరే నిలిచిపోయింది. అందులో ఐదు పాటలు. వాటిలో మూడు తర్వాత మొదటి ఆల్బమ్‌లోకి వెళ్లాయి.

కోలిన్ ఆ సమయంలో అవర్ ప్రైస్ అనే రికార్డుల షాపులో పనిచేస్తున్నాడు. ఆ షాపుకి సరుకు అమ్మడానికి ఈఎంఐ అనే రికార్డు కంపెనీ నుంచి కీత్ వోజెన్‌క్రాఫ్ట్ అనే సేల్స్ ప్రతినిధి వచ్చేవాడు. ఒకరోజు ఆయన, నేను కొత్త బ్యాండ్లను వెతికే విభాగానికి మారుతున్నాను అన్నాడు. కోలిన్ క్యాసెట్ తీసి చేతిలో పెట్టాడు. అంతే. గొప్ప మలుపంటే ఇదీ! కౌంటర్ అటుపక్క ఒకడు, ఇటుపక్క ఒకడు. 1991 చివర్లో ఈఎంఐతో ఒప్పందం, పార్లోఫోన్ ముద్ర మీద, ఆరు ఆల్బమ్‌లకి. జానీ పాలిటెక్నిక్ చదువు చేరిన కొద్ది రోజులకే మూతపడింది.

ఈఎంఐ అంటే మనకి కొత్త కాదు. మనిళ్లలో కుక్కబొమ్మ రికార్డులుండేవి చూడండి, ఘంటసాల భగవద్గీత వచ్చిన హెచ్ఎంవి, ఆ గ్రామఫోన్ కంపెనీకి ఒకప్పుడు ఇంగ్లాండ్‌లో మాతృసంస్థ ఈఎంఐయే. ఆరు ఆల్బమ్‌ల ఒప్పందం అంటే ఆరు ఆల్బమ్‌లు తీస్తామని కంపెనీ మాటిచ్చినట్టు కాదు, అది కూడా తెలుసుకోండి. మామూలుగా ఇలాంటి ఒప్పందాల్లో బ్యాండ్ కట్టుబడి ఉంటుంది, కంపెనీ మాత్రం ప్రతి ఆల్బమ్ తర్వాతా చాలించవచ్చు. స్టూడియో ఖర్చు కూడా బ్యాండ్‌కి రాబోయే రాయల్టీలోంచే తిరిగి రాబట్టుకుంటారు. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే రెండో ఆల్బమ్ నాటి భయం అర్థమవుతుంది.

పేరు మార్చమని కంపెనీ అడిగింది. ఆన్ ఎ ఫ్రైడే అని పోస్టర్ మీద వేస్తే శుక్రవారం కచేరీ అనుకుంటారు కదా! టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ బ్యాండ్ 1986 ఆల్బమ్‌లో ఒక పాట పేరు తీసుకుని రేడియోహెడ్ అయ్యారు.

1992 మేలో మొదటి రికార్డు, డ్రిల్ అనే ఈపీ, అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డు, నాలుగు పాటలు. మేనేజర్లు హఫర్డ్, ఎడ్జ్‌లే నిర్మాతలు. బ్రిటిష్ చార్టులో 101వ స్థానం. వందలోపు కూడా రాలేదు. మేనేజరే నిర్మాత అయితే వచ్చే చిక్కేమిటంటే, స్టూడియోలో ఈ టేక్, అంటే ఈసారి వాయించింది, బాగాలేదు అని చెప్పాల్సిన మనిషే బయటికొచ్చి కంపెనీ ముందు బ్యాండ్ తరఫున వాదించాలి. రెండు టోపీలు ఒక తలమీద నిలవవు. తర్వాతి పనికి బయటి నిర్మాతల కోసం వెతికారు. బోస్టన్ నుంచి పాల్ కోల్డెరీ, షాన్ స్లేడ్ వచ్చారు. ఫోర్ట్ అపాచీ అనే స్టూడియో తాలూకు మనుషులు, పిక్సీస్, డైనోసార్ జూనియర్ లాంటి అమెరికన్ గిటార్ బ్యాండ్లతో పనిచేసినవాళ్లు.

చోటు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే చిప్పింగ్ నార్టన్ స్టూడియో. కంపెనీ చెప్పిన పాటలు వేరే. అవి ఎన్నిసార్లు వాయించినా కుదరట్లేదు. గదిలో చిరాకు పెరిగిపోయింది. అంతకుముందు సాధనలో వీళ్లు ఒక పాట వాయించారు, ఇది మా స్కాట్ వాకర్ పాట అని థామ్ పరిచయం చేశాడు. స్కాట్ వాకర్ అంటే వేరే పాత గాయకుడు. అది స్కాట్ వాకర్ తరహా పాట అని ఆయన ఉద్దేశం. నిర్మాతలిద్దరూ ఏమనుకున్నారు? నిజంగానే స్కాట్ వాకర్ పాట, వీళ్లు మళ్లీ పాడుతున్నారు అనుకున్నారు! మంచి పాట, పాపం వీళ్లది కాదే అనుకున్నారు. ఇప్పుడు చిరాకు తగ్గించడానికి కోల్డెరీ, ఆ పాట ఒకసారి వాయించండి అన్నాడు, టేపు తిప్పాడు. ఒక్క టేక్. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అది వీళ్ల సొంత పాటే అని అప్పుడు తెలిసింది. కోల్డెరీ ఈఎంఐకి ఫోన్ చేసి, తర్వాతి సింగిల్, అంటే విడిగా అమ్మే పాట, ఇదే చూడండి అన్నాడు. ఆ పాట క్రీప్.

ఈ పాట దగ్గర కాస్త ఆగుదాం. సరిగమలు వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు ఇది బాగా పడుతుంది. పాట మొత్తానికి నాలుగే కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు. జి మేజర్, బి మేజర్, సి మేజర్, సి మైనర్. ఒక్కొక్కటి రెండు బార్లు. పల్లవి, చరణం, మధ్యలో ఎత్తుకునే చోటు, అన్నింటికీ అవే నాలుగు, అదే వరసలో. జి ని మన షడ్జమం అనుకోండి. మొదటి కార్డు స గ ప. రెండోది గ, శుద్ధ ధైవతం, ని. మూడోది మ, చతుశ్రుతి ధైవతం, స. నాలుగోది మ, మళ్లీ శుద్ధ ధైవతం, స. ఇప్పుడు ఒక్కో కార్డులోంచి ఒక్క స్వరం తీసి వరసగా పాడండి. పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, మళ్లీ పంచమం. అరమెట్టు పైకి, ఇంకో అరమెట్టు పైకి, తిరిగి అరమెట్టు కిందికి, ఇంకో అరమెట్టు కిందికి. మేళకర్త రాగాల్లో ఒక్క ధైవతమే కదా ఉండేది? ఇక్కడ రెండూ ఉన్నాయి. పైకెక్కి నిలవలేక జారిపోతున్నట్టు అనిపించేది ఆ ధైవతం వల్లే. చతుశ్రుతి ధైవతం వెలుగు చూపించి వెంటనే శుద్ధ ధైవతంలోకి దించేస్తుంది. ఇంటికెళ్లి హార్మోనియం మీద వాయించి చూడండి, కుడిచేత్తో ఆ ఒక్క స్వరమే వాయించినా చాలు, పాట గుర్తొస్తుంది.

అయితే ఈ వరస పూర్తిగా వీళ్లది కాదు. ద ఎయిర్ దట్ ఐ బ్రీద్ అని 1972 నాటి పాట ఒకటుంది, ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ రాసింది, హాలీస్ పాడి 1974లో పెద్ద హిట్ చేశారు. కార్డుల వరస, బాణీలో కొంత భాగం దానికి బాగా దగ్గర. హక్కుదారులు అడిగారు, హామండ్, హేజిల్‌వుడ్ పేర్లు రచయితల జాబితాలో చేరాయి, రాయల్టీలో వాటా కూడా వెళ్తోంది.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. ఈ పాటలో మూడు గిటార్లు ఏం చేస్తున్నాయి? చరణంలో ఎడ్ కార్డు స్వరాలను విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి మీటుతాడు, శుభ్రమైన శబ్దంతో. కింద బాస్, డ్రమ్స్. థామ్ గొంతు పైన. జానీ? దాదాపు ఏమీ లేదు. పల్లవికి ముందు, సి మైనర్ కార్డు మీద ఉన్నప్పుడు, గజక్, గజక్ అని ఒక దెబ్బ. అది ఎలా వస్తుంది? ఎడమచెయ్యి తీగల మీద ఊరికే ఆనించి ఉంచాలి, నొక్కకూడదు. స్వరం పుట్టదు. కుడిచేత్తో గట్టిగా ఆరు తీగల మీదా కొట్టాలి. అదే క్షణంలో డిస్టార్షన్ పెడల్ తొక్కి ఉండాలి. స్వరం లేదు, ఒట్టి దెబ్బ, దాని మీద డిస్టార్షన్. పెడల్ అర క్షణం ముందు తొక్కితే ఖాళీ హోరు వినపడుతుంది, ఆలస్యమైతే ఒట్టి టిక్ మంటుంది. ఇది నేర్చుకునే కుర్రాళ్లందరూ తప్పేది అక్కడే. ఎడమచెయ్యి ఏమాత్రం ఎత్తినా ఖాళీ తీగలు ఆరూ మోగిపోతాయి, ఇంకోటి.

జానీ ఆ దెబ్బ ఎందుకు కొట్టాడు? పాట మరీ మెత్తగా ఉందని నచ్చక, చెడగొడదామని. బ్యాండ్‌వాళ్లే చెప్పిన మాట ఇది. చెడగొడదామని కొట్టిన దెబ్బే పాటకి ప్రాణమైంది. చివర్లో వినిపించే పియానో కూడా జానీదే. మిక్సింగ్, అంటే వాయిద్యాల శబ్దాలు సరిచూసి కలపడం, చేస్తూ కోల్డెరీ దాన్ని చివరిదాకా పైకి తీయలేదు, ఆఖర్లో తీశాడు. అలాగే బాగుందని వదిలేశారు.

చూశారా? ఒకడు విడివిడిగా మీటుతున్నాడు, ఒకడు కార్డులు పట్టుకుని పాడుతున్నాడు, ఒకడు ఊరుకుని ఊరుకుని ఒక్క దెబ్బ కొడుతున్నాడు. మూడు గిటార్ల సమస్యకి జవాబు 1992లోనే వాళ్ల చేతిలో ఉంది. కానీ అది జవాబని వాళ్లకి తెలియదు. అనుకోకుండా దొరికింది కాబట్టి.

అందుకే మొదటి ఆల్బమ్ పాబ్లో హనీ అలా ఉంది. మూడు వారాల్లో రికార్డు చేశారు, 1993 ఫిబ్రవరి 22న వచ్చింది, 12 పాటలు. వినండి. చాలా పాటల్లో మూడు గిటార్లూ మొదటి నుంచి చివరి దాకా మోగుతూనే ఉంటాయి. పల్లవి రాగానే ముగ్గురూ పెడల్ తొక్కుతారు. ఒకటి రెండు పాటలు నాకు ఇష్టమే, యూ అనే మొదటి పాటలో తాళం నడక బాగుంటుంది. కానీ మొత్తం మీద అది ఇంకొకళ్ల బ్యాండ్ కూడా చేయగలిగిన రికార్డు. బ్రిటన్‌లో 22వ స్థానం దాకా వెళ్లింది.

క్రీప్ సింగిల్‌గా అంతకుముందే, 1992 సెప్టెంబర్ 21న వచ్చింది. ఇంగ్లాండ్‌లో ఏమైంది? ఏమీ కాలేదు! 78వ స్థానం. బీబీసీ రేడియో 1 వాళ్లు మరీ దిగులుగా ఉందని పక్కన పెట్టారు. రేడియో 1 వేయకపోతే ఆ రోజుల్లో బ్రిటన్‌లో సింగిల్ అమ్ముడుపోదు, అంతే సంగతులు. పాట బతికింది ఎక్కడ? ఇజ్రాయెల్‌లో. అక్కడ సైనిక రేడియోలో యోవ్ కుట్నర్ అనే ఆయన పదే పదే వేశాడు, అక్కడ హిట్టయింది. అందుకే ఈ బ్యాండ్ విదేశాల్లో చేసిన తొలి కచేరీలు 1993లో టెల్ అవీవ్‌లో. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో కేఐటీఎస్ అనే రేడియో స్టేషన్ ఎత్తుకుంది. అమెరికా పశ్చిమతీరమంతా పాకింది, ఎంటీవీలోకి వెళ్లింది. అమెరికా మోడరన్ రాక్ జాబితాలో 2, ప్రధాన జాబితాలో 34. అప్పుడు ఇంగ్లాండ్ కంపెనీ 1993 సెప్టెంబర్‌లో మళ్లీ విడుదల చేసింది, 7వ స్థానం. ఏడాది కిందట 78, ఇప్పుడు 7. పాట మారిందా? ఒక్క స్వరం మారలేదు.

మరి సంతోషించాలి కదా? సంతోషించలేకపోయారు. ఎందుకో చెప్తాను, ఇది డబ్బూ పేరూ గొడవ కాదు, పని గొడవ. ఆల్బమ్ 1992లో అయిపోయింది. అమెరికాలో పాట 1993లో పాకింది. కాబట్టి పాత పాటలే పట్టుకుని రెండో ఏడాది కూడా తిరగాల్సి వచ్చింది. రోజూ అవే పాటలు. జనం క్రీప్ కోసం వస్తారు, అది కాగానే కొంతమంది లేచి వెళ్లిపోతారు. కొత్త పాటలు రాసుకునే తీరిక లేదు. ఆ ఏడాది రెడింగ్ ఉత్సవంలో వాయించాల్సి ఉండగా థామ్ గొంతు పోయి మానుకోవాల్సి వచ్చింది.

ఇక రెండో ఆల్బమ్, ద బెండ్స్. 1994 ఫిబ్రవరిలో లండన్ ఆర్ఏకే స్టూడియోలో మొదలైంది. నిర్మాత జాన్ లెకీ. అబ్బీ రోడ్ స్టూడియోలో టేపు ఆపరేటర్‌గా మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి, స్టోన్ రోజెస్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ నిర్మాత. ఆయన దగ్గర ఇంజనీరుగా నైజెల్ గాడ్రిచ్ అని ఒక కుర్రాడు. ఆ పేరు గుర్తుంచుకోండి.

కంపెనీ ఆల్బమ్‌ని ఆ అక్టోబర్‌లో బయటికి తేవాలనుకుంది. ముందు సింగిల్ ఏదో తేల్చండి, అది పూర్తిచేయండి, మిగతావి తర్వాత చూద్దాం అంది. వినడానికి సబబుగానే ఉంది కదా? అక్కడే పని ముడిపడింది. నాలుగు పాటలు సింగిల్ కావచ్చు అనుకున్నారు. ఆ నాలుగింటినీ పట్టుకుని రోజుల తరబడి అరగదీశారు. ఏది వాయించినా ఇది క్రీప్ అంత ఉందా అన్న ప్రశ్న గదిలో నిలబడే ఉంది. అలా అడుగుతూ ఏ పాటైనా పూర్తవుతుందా? జానీ రకరకాల గిటార్లు, యాంప్‌లు, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు, పరీక్షించడంలో రోజులు గడిపాడు, కొత్త శబ్దం కోసం. ఆఖరికి దేనికి తిరిగొచ్చాడు? తన పాత టెలికాస్టర్‌కే. ఆ రోజుల్లో ఆయన సరంజామా చెప్తాను, ఆసక్తి ఉన్నవాళ్లు రాసుకోండి. ఫెండర్ టెలికాస్టర్ ప్లస్ గిటార్. మార్షల్ ష్రెడ్‌మాస్టర్ డిస్టార్షన్ పెడల్. రెండు యాంప్‌లు, శుభ్రమైన శబ్దానికి వోక్స్ ఏసీ30, గరుకు శబ్దానికి ఫెండర్ ఎయిటీ ఫైవ్. ఈ ఫెండర్ వాల్వులు లేని ట్రాన్సిస్టర్ యాంప్, అప్పట్లో అంత గొప్పగా చూసే సరుకు కాదు. వాల్వు యాంప్ గట్టిగా కొడితే శబ్దాన్ని కాస్త గుండ్రంగా నొక్కేస్తుంది. ఇది నొక్కదు, కొట్టింది కొట్టినట్టే పదునుగా బయటికి వదులుతుంది. ఇందాకటి గజక్ దెబ్బ గుర్తుందిగా? అలాంటి వాటికి ఇలాంటిదే నప్పుతుంది. వీటికి తోడు డిజిటెక్ వామీ. అది కాలితో తొక్కే పెడల్, తొక్కినకొద్దీ స్వరం రెండు స్థాయిల దాకా పైకి జరుగుతుంది.

ఆ వేసవికి స్టూడియో పని ఆపి ముందే ఒప్పుకున్న కచేరీలకి వెళ్లారు. ఇక్కడే ముడి విడింది. స్టూడియోలో వారాల తరబడి కుదరని కొత్త పాటలు రోజూ జనం ముందు వాయించేసరికి వాటంతట అవే సర్దుకున్నాయి. వేదిక మీద ముగ్గురూ ఒకేసారి మోగిస్తే థామ్‌కి తన గొంతు తనకే వినపడదు. ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గడం అక్కడ అలవాటైంది. 1994 మే 27న లండన్ ఆస్టోరియాలో కచేరీ చేశారు. అందులోంచి మై ఐరన్ లంగ్ అనే పాట వాద్యభాగం ఉన్నదున్నట్టు రికార్డులోకి తీసుకుని, గొంతు మాత్రం మళ్లీ పాడారు. స్టూడియోలో చేసినదానికంటే కచేరీదే బాగుందని ఒప్పుకోవడమే కదా అది! ఆ పాట విషయం కూడా క్రీప్ మీద కసే. తమని బతికించేదీ బంధించేదీ ఆ పాటే అని. ఆ శరదృతువులో ఈపీగా వచ్చి 24వ స్థానం దగ్గర ఆగింది. అందులో వామీ పెడల్ శబ్దం వినండి, గిటార్ తీగలు సాగి పలుకుతున్నట్టు ఉంటుంది.

తిరిగొచ్చాక ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మేనర్ అనే స్టూడియోలో మిగతాది రెండు వారాల్లో అయిపోయింది. ఫిబ్రవరి నుంచి కుదరనిది రెండు వారాల్లో. ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్ అనే పాట చూడండి. థామ్ లండన్‌లో జెఫ్ బక్లీ అనే అమెరికన్ గాయకుడి కచేరీకి వెళ్లొచ్చి, అకూస్టిక్ గిటార్‌తో, అంటే కరెంటు అక్కర్లేని గిటార్‌తో, ఒంటరిగా పాడాడు. ఆ టేకే ఉంచేసి మిగతా వాయిద్యాలన్నీ దాని మీద పేర్చారు. ఇందులో కష్టం ఏమిటంటే, ఒంటరిగా పాడేవాడు మెట్రోనోమ్‌కి, అంటే లయ కొట్టే యంత్రానికి, కట్టుబడి ఉండడు, ఒకచోట సాగదీస్తాడు, ఒకచోట తొందరపడతాడు. డ్రమ్స్ వాయించే ఫిల్ ఆ ఊపిరిని వెంటాడాలి. మామూలుగా డ్రమ్స్ ముందు రికార్డు చేసి గొంతు తర్వాత వేస్తారు, ఇక్కడ తిరగబడింది. గిటార్లు ఎప్పుడు పెద్దవవుతాయో చూడండి. పాట సగం దాటాకే. జానీ అందులో ఎక్కువసేపు ఆర్గన్ దగ్గర ఉంటాడు.

స్ట్రీట్ స్పిరిట్‌లో మొదటి నుంచి చివరి దాకా ఎడ్ ఒకే వరసలో తీగలు మీటుతూ ఉంటాడు, ఆగడు. మిగతా ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతారు. జస్ట్‌లో థామ్ కార్డులు పట్టుకుంటే జానీ వామీ తొక్కుతూ పైకి ఎగబాకుతాడు. హై అండ్ డ్రై సంగతి ఇంకో రకం. అది 1993లో కోర్ట్‌యార్డ్‌లో చేసుకున్న పాత డెమో, మళ్లీ రికార్డు చేయనే లేదు, మిక్స్ సర్ది పెట్టేశారు. లెకీ ఒకసారి ఊళ్లో లేనప్పుడు ఆ కుర్రాడు గాడ్రిచ్‌తో కూర్చుని బ్లాక్ స్టార్ అనే పాట చేసేశారు. పెద్దాయన లేడు, గంట కొట్టేవాళ్లు లేరు, పాట హాయిగా వచ్చింది. మిక్సింగ్ మాత్రం కంపెనీ చివరికి చాలావరకు బోస్టన్‌లో కోల్డెరీ, స్లేడ్‌ల చేతికిచ్చింది, అమెరికాలో క్రీప్ నడిచింది కదా అని. వడ్డించినవాడు ఒకడు, వండినవాడు ఒకడు. లెకీ దీన్ని సులువుగా మింగలేదు.

1995 మార్చి 13న ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద ఉన్నది మనిషి కాదు. ఆసుపత్రిలో ఊపిరి పోయడం నేర్పే బొమ్మ. థామ్, డాన్‌వుడ్ వెళ్లి దాన్ని వీడియో తీసి, టీవీ తెర మీద ఫొటో తీశారు. బ్రిటన్‌లో 4వ స్థానం. అమెరికాలో 88 దాటి పైకి రాలేదు. క్రీప్ లాంటి పాట లేదని అక్కడ రేడియోలు పట్టించుకోలేదు. ఇంగ్లాండ్‌లో మాత్రం మెల్లిగా, నెలల తరబడి అమ్ముడుపోయింది. 1996 జనవరిలో ఐదో సింగిల్ స్ట్రీట్ స్పిరిట్ 5వ స్థానానికి వెళ్లింది. క్రీప్ కంటే పైకి. కూనిరాగం తీయడానికి పల్లవి కూడా సరిగ్గా లేని ఆ పాట!

అదే 1995లో జరిగిన రెండు పనులు చెప్పి ముగిస్తాను. అక్టోబర్‌లో డెన్వర్‌లో వీళ్ల వాయిద్యాల బండి దొంగలెత్తుకుపోయారు. జానీ టెలికాస్టర్ ప్లస్ కూడా పోయింది. కొన్ని కచేరీలు రద్దు చేశారు, బాల్టిమోర్‌లో థామ్, జానీ ఇద్దరే అకూస్టిక్‌గా వాయించారు. దానికి నెల ముందు, సెప్టెంబర్ 4న, బోస్నియా యుద్ధబాధితుల పిల్లల కోసం వార్ చైల్డ్ అనే సంస్థ తెచ్చిన ఆల్బమ్‌కి ఒక పాట కావాలన్నారు. ఒక్క రోజులో రికార్డు చేయాలన్నది షరతు. గాడ్రిచ్‌ని పిలిచారు. లక్కీ అనే పాట, ఐదు గంటల్లో అయిపోయింది. ఆ ఆల్బమ్ 9వ తేదీన దుకాణాల్లోకి వచ్చేసింది. పాట మొదట్లో ఎడ్ గిటార్ పై కొసన, ట్యూనింగ్ కొయ్యల దగ్గర మీటిన తీగల శబ్దం వినండి, తోమినట్టు, గీకినట్టు. మొదట అదొక్కటే ఉంటుంది. మిగతా ఇద్దరూ ఎప్పుడు వస్తారో గడియారం చూసుకుని లెక్కపెట్టండి.

ఆ ఐదు గంటలు చూశాక వీళ్లకి కంపెనీ ఇచ్చే పెద్ద స్టూడియో, పేరున్న నిర్మాత అక్కర్లేదనిపించింది. ఈఎంఐ ఇచ్చిన లక్ష పౌండ్లతో సొంత పరికరాలు కొన్నారు, ఏం కొనాలో గాడ్రిచ్ చెప్పాడు. డిడ్‌కాట్ దగ్గర ఒక షెడ్డులో అవన్నీ బిగించి మూడో ఆల్బమ్ మొదలుపెట్టారు. ఆ షెడ్డులో నీళ్లు లేవు, టాయిలెట్ లేదు. కొన్నాళ్లకి సామాను సర్దుకుని వేరేచోటికి మారారు.

ఇక్కడ ఆపుతాను. ఇప్పుడు ముందు లక్కీ వేద్దాం, తర్వాత పాబ్లో హనీలోంచి ఏదైనా ఒకటి. రెండూ విన్నాక ప్రశ్నలు అడగండి.